గంటస్తంభం దగ్గరి ఫ్రేముల షాపులో డాక్టరమ్మ ఫోటో

మా చెల్లి ఎంబీబీఎస్ అయ్యాక విజయనగరంలోనే చిన్న క్లినిక్ పెట్టుకుంది. గోడ గడియారం, వెంకటేశ్వరస్వామి పటం ఎలాగూ ఎవరో ఒకరు ఇస్తారు కదా అని నేను డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారి ఫోటో కట్టించి ఇద్దామనుకున్నాను. గంటస్తంభం నుంచి కాస్త లోపలికి, సందులో ఒక పాత ఫ్రేముల షాపు ఉంది, అక్కడికి వెళ్లాను.

నా దగ్గరున్నది ఏదో పాత పత్రికలోంచి కత్తిరించిన చిన్న బొమ్మ, మడత పడి చెంప మీదుగా తెల్ల గీత. షాపు మాస్టారు కళ్లజోడు పైకి నెట్టుకుని "ఎవరమ్మా ఈవిడ, మీ మామ్మగారా?" అన్నారు. కాదండీ అని మొదలుపెట్టి అరగంట చెప్పాను, ఆయన బీడింగు కోస్తూనే విన్నారు. ఆవిడ 1886లో పుదుక్కోటలో పుట్టారు, తల్లిది దేవదాసీల కుటుంబం, అలాంటి ఇంటి పిల్ల మగపిల్లల కాలేజీలో చదివి 1912లో మద్రాసు మెడికల్ కాలేజీ నుంచి డాక్టరై బయటికొచ్చారు. నన్ను సమానంగా చూడాలి, నా పనికి అడ్డు రాకూడదు అని మాట తీసుకున్నాకే డాక్టర్ సుందర రెడ్డి గారిని పెళ్లి చేసుకున్నారు. ప్రాక్టీసు బాగా నడుస్తున్న రోజుల్లో మద్రాసు శాసనమండలికి వెళ్లి, డిప్యూటీ ప్రెసిడెంట్ అయి, ఆడపిల్లల్ని గుడికి అంకితం చేసే ఆచారం మీద బిల్లు తెచ్చారు. 1930లో గాంధీగారిని అరెస్టు చేశారని ఆ పదవీ వదిలేశారు. ఆ చట్టం పూర్తిగా వచ్చేసరికి 1947 అయింది. అప్పటికి మన విజయనగరం మద్రాసు రాష్ట్రంలోనిదే, అంటే అది మన ఊళ్లకీ వచ్చిన చట్టమే. ఈ మాట చెప్పగానే మాస్టారు రంపం ఆపి "మన ఊళ్లలోనూ ఉండేవమ్మా ఆ ఇళ్లు" అని ఊరుకున్నారు.

ఇక పని సంగతి. రెండు రోజులన్నారు, నాలుగు రోజులు పట్టింది, జూలై 30న ఆవిడ పుట్టినరోజుకే క్లినిక్ తెరుస్తున్నాం కాబట్టి నాకు టెన్షన్ పట్టుకుంది. వెళ్లి చూస్తే మడత గీత మాయమైంది గానీ, కంప్యూటర్ మీద కూర్చునే అబ్బాయి ఆవిడ మొహం తెల్లగా చేసేసి, కళ్ల కింద ముడతలు కూడా తీసేశాడు. నాకు నిజంగా బాధేసింది. తన సొంత చెల్లెలు క్యాన్సర్‌తో పోతే, అది మనసులో పెట్టుకుని ముప్పై ఏళ్లు తిరిగి, 1954లో పన్నెండు మంచాలతో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టిన మనిషి ఆవిడ. ఆ ముడతలు ఉండాలండీ అన్నాను. "పెద్దల ఫోటోలకి అందరూ తెల్లగా చెయ్యమనే అడుగుతారమ్మా" అని మాస్టారు నొచ్చుకున్నారు, ఆ అబ్బాయిని పిలిచి నా పక్కనే కూర్చోబెట్టి మళ్లీ చేయించారు, అదనంగా పైసా అడగలేదు.

కట్టడం మాత్రం మెచ్చుకోవాలి. అద్దం రెండు వైపులా న్యూస్‌పేపర్‌తో తుడిచి, వెలుతురుకి ఎత్తి చూసి, ఒక్క నలుసు కనబడినా మళ్లీ విప్పారు. వెనక ప్లైవుడ్, అంచుల చుట్టూ బ్రౌన్ పేపర్ అంటించారు, చెమ్మ ఎక్కదట. మూలల్లో బీడింగు అతుకు వేలితో తడిమినా తెలియలేదు. పన్నెండు బై పద్దెనిమిది సైజు, ప్రింటుతో కలిపి ₹850. పెద్ద రోడ్డు మీది షాపుల్లో సింథటిక్ ఫ్రేముకే అంత అడిగారు, ఇది టేకు.

వెళ్లేవాళ్లు గడువు కంటే రెండు రోజులు ముందే ఇవ్వండి, ఫోటోలో రంగు మార్చొద్దని ముందే చెప్పండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షట్టరు దించేసి ఉంటుంది. ఫోటో ఇప్పుడు చెల్లి కుర్చీ వెనక కాదు, పేషెంట్లు కూర్చునే బెంచీకి ఎదురుగా ఉంది, అది చెల్లే పెట్టించింది.