తిరుపతిలో మైకు పట్టాలా, చిత్తూరులోనా?

2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి విడిపోయింది. టీవీ పొలిటికల్ రిపోర్టర్ పని కూడా అప్పుడే రెండు దారులైంది.

తిరుపతిలో వార్త మన దగ్గరికే నడిచొస్తుంది. ఏ పార్టీ నాయకుడైనా ఎప్పుడో ఒకసారి కొండకు రావాల్సిందే. ఒకప్పుడు బ్రేక్ దర్శనం అయ్యీ అవ్వగానే, శేషవస్త్రం ఇంకా భుజాన ఉండగానే, చానళ్ల మైకులన్నీ గడ్డం కిందికి చేరేవి. గోవింద నామం పలికిన నోటితోనే ప్రత్యర్థిని నాలుగు మాటలు అనేవాళ్లు. 2024 నవంబరులో టీటీడీ బోర్డు కొండపై రాజకీయ వ్యాఖ్యలు వద్దంది. ఇప్పుడు బైట్ (కెమెరా ముందు నాయకుడి నాలుగు మాటలు) కావాలంటే రేణిగుంట ఎయిర్‌పోర్టు బయట కాపు కాయాలి. ఒకసారి మూడు గంటలు నిలబడితే, సారు చేతులు జోడించి కారెక్కేశారు. డెస్క్ నుంచి మాత్రం ఫోన్ మీద ఫోన్!

చిత్తూరులో వార్తను మనమే వెతుక్కోవాలి. 1989 నుంచి చంద్రబాబును గెలిపిస్తున్న కుప్పం ఈ జిల్లాదే. ఆయన వచ్చిన రోజు పెద్ద రిపోర్టర్లు దిగుతారు, మనం దారి చూపించే మనుషులమవుతాం. అది చిరాకే. కానీ మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీ ముందు, తోతాపురి లోడు ట్రాక్టర్ మీద కూర్చున్న రైతును ధర అడగండి. ప్రెస్‌మీట్‌లో దొరకని రాజకీయం చెబుతాడు. జీతం ఎక్కడైనా అంతంతే కాబట్టి, నా ఓటు చిత్తూరుకే.