జ్వరం రెండో రోజునే ‘టైఫాయిడ్ పాజిటివ్’ అని కాగితం ఇస్తే జాగ్రత్త

కోనసీమలోనూ, గోదావరికి ఆవల పాలకొల్లు, భీమవరం వైపునా జ్వరం వచ్చిన వెంటనే ల్యాబులో డబ్బు కట్టి పరీక్షలు చేయించుకుంటున్న వారందరూ మా ఇంట్లో జరిగింది చదవాలని కోరుతూ ఇది రాస్తున్నాను. ఆ ల్యాబు పేరు రాయడం లేదు. ఈ పద్ధతి ఒక్క ల్యాబుకే పరిమితం కాదు గనుక, పేరు రాస్తే మిగిలినవన్నీ మంచివనుకునే ప్రమాదం ఉంది.

కార్తీక మాసంలో మా అమ్మకు చలితో జ్వరం వచ్చింది. రెండో రోజున మా ఊరి ఆర్‌ఎంపీ గారు చీటీ రాసి పట్నంలోని ల్యాబుకు పంపారు. అక్కడ ‘జ్వరం ప్యాకేజీ’ అని 1,400 రూపాయలు తీసుకుని, గంటలోపే రిపోర్టు చేతిలో పెట్టారు. మలేరియా లేదు, డెంగీ లేదు, టైఫాయిడ్ కోసం చేసే విడాల్ అనే రక్తపరీక్షలో ‘ఓ 1:80, హెచ్ 1:160’ అని ఉండి, పక్కన ‘పాజిటివ్’ అనే మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. ఆ సున్నాను చూసి మేమెవరమూ మరో ప్రశ్న అడగలేదు. ఆరు రోజులపాటు పూటకొక సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షను, రోజుకొక సెలైన్ బాటిల్ ఎక్కించినా జ్వరం 103 దగ్గరే నిలిచింది. ఏడో రోజున, టైఫాయిడ్ ఎంతవరకు తగ్గిందో చూడాలంటూ మళ్లీ విడాల్ చేయించి మళ్లీ డబ్బు తీసుకున్నారు.

ఎనిమిదో రోజు రాత్రి అమ్మకు ఆయాసం మొదలైతే కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ రిపోర్టులు పక్కన పెట్టి, “ఏం పని చేస్తారమ్మా?” అని అడిగారు. “గేదెలకు గడ్డి కోసుకొస్తానండి, కాలవ గట్టు మీద” అంది అమ్మ. వెంటనే ఆవిడ తెర లాగించి, చంకలు, మోకాళ్ల వెనక, చివరకు నడుము దగ్గర లంగా బొందు కట్టుకునే చోటు వెతికి చూశారు. అక్కడ పెసరగింజ కన్నా కాస్త పెద్దదిగా, కాలిన మచ్చలా నల్లటి పెచ్చు, దాని చుట్టూ ఎర్రటి వలయం ఉన్నాయి. “బొందు ఒరుసుకుని పుండు పడిందండి, అదేం లేదు” అని అమ్మ అంటూనే ఉంది. అది గడ్డిలోనూ పొదల్లోనూ ఉండే, కంటికి ఆనని మైట్ అనే పురుగు పిల్ల (మంచాల్లో ఉండే నల్లి కాదు) కుట్టిన గుర్తు. జ్వరం పేరు స్క్రబ్ టైఫస్. పేర్లు దగ్గరగా ఉన్నా టైఫాయిడ్‌కూ దీనికీ సంబంధం లేదు, సెఫ్‌ట్రయాక్సోన్ దీని మీద పనిచేయదు. డాక్సీసైక్లిన్ అనే వేరే యాంటీబయాటిక్ మొదలుపెట్టిన రెండో రోజు రాత్రికి అమ్మ ఒళ్లు చల్లబడింది. ఆ తర్వాత వచ్చిన రక్తపరీక్ష కూడా స్క్రబ్ టైఫస్ అనే తేల్చింది.

విడాల్ పరీక్ష గురించి ఆ ఆసుపత్రిలోనే అడిగి తెలుసుకున్నాను. 1896లో ఫ్రెంచి వైద్యుడు ఫెర్నాన్ విడాల్ వాడుకలోకి తెచ్చిన ఈ పరీక్ష టైఫాయిడ్ క్రిమిని చూడదు, ఆ క్రిమికి విరుగుడుగా ఒంట్లో పుట్టిన యాంటీబాడీలను మాత్రమే చూస్తుంది. అవి సాధారణంగా జ్వరం మొదలైన వారం దాటితే గాని తగినంతగా కనిపించవు. అంటే రెండో రోజున చేసిన పరీక్షలో కనబడినవి చాలా వరకు పాతవే అయి ఉంటాయి. మన ప్రాంతంలో ఎప్పుడో టైఫాయిడ్ గాని, ఆ జాతికే చెందిన మరో క్రిమి గాని సోకినవారు ఎందరో ఉంటారు. మలేరియా, డెంగీ వంటి వేరే జ్వరాల్లో కూడా ఇది తప్పుగా పాజిటివ్ చూపవచ్చు. గాజు పలక మీద ఒక చుక్క సీరం, ఒక చుక్క రంగు ద్రావణం కలిపి, నిమిషంపాటు ఊపి ముద్ద కట్టిందా లేదా అని చూసే స్లైడు పద్ధతి మరీ బలహీనమైనది. పది పద్నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు పరీక్షించి, 1:80 వంటి ఆ అంకె నాలుగు రెట్లు పెరిగితేనే దానికి కొంత విలువ. తగ్గిందా లేదా అని చూడటానికి చేసే విడాల్‌కు అర్థమే లేదు, ఎందుకంటే జబ్బు పోయినా ఆ అంకెలు నెలల తరబడి అలాగే నిలిచి ఉండవచ్చు. మాకు రెండోసారి అమ్మింది ఆ పరీక్షనే.

నిజంగా టైఫాయిడ్‌ను పట్టేది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష. పెద్దవారికి 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం కావాలి, ఫలితానికి రెండు మూడు రోజులైనా పడుతుంది, అన్నీ సరిగ్గా చేసినా ఉన్న కేసుల్లో సుమారు సగాన్నే పట్టగలదు. యాంటీబయాటిక్ పడ్డాక తీస్తే ఆ అవకాశం ఇంకా తగ్గిపోతుంది. అందుకే మొదటి ఇంజెక్షను వేసేలోపే కల్చర్‌కు రక్తం తీయమని అడగండి. మండలంలో ఆ వసతి లేకపోతే, పల్లెల్లో చాలా చోట్ల ఉండదు కూడా, ఒంటిని పూర్తిగా పరీక్షించే డాక్టరుకు చూపించడమే దారి. మలేరియా, డెంగీ, స్క్రబ్ టైఫస్ చూసుకున్న తర్వాత, టైఫాయిడ్ అనే గట్టి అనుమానంతో ఆయన మందు మొదలుపెడితే అందులో తప్పు లేదు.

టైఫాయిడ్‌ను తేలిగ్గా తీసుకోమని నా ఉద్దేశం కాదు. వేసవిలో కాలవలు కట్టేసి చెరువు నీళ్లే దిక్కయ్యే మన ఊళ్లలో ఆ జబ్బు నిజంగానే ఉంది. ముదిరితే, ముఖ్యంగా మూడో వారంలో, పేగుకు చిల్లు పడి ప్రాణం మీదికి వస్తుంది. కడుపులో తీవ్రమైన నొప్పి, నల్లటి విరేచనం, మాట తడబడటం కనిపిస్తే ఏ రిపోర్టు కోసమూ ఆగకూడదు. సరైన మందు పడినా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పట్టవచ్చు గనుక, రెండో రోజే మందు మార్చమని డాక్టరును ఒత్తిడి చేయడమూ పొరపాటే. సిప్రోఫ్లాక్సాసిన్‌కు మన దేశంలో టైఫాయిడ్ క్రిమి చాలా వరకు లొంగడం లేదు కాబట్టి, మందుల షాపులో అడిగి ఆ మాత్రలు తెచ్చుకోకండి.

నిన్న మా వీధిలోని పిన్నిగారు జ్వరం మూడో రోజున, ఎర్ర సున్నా చుట్టిన అటువంటి కాగితమే తెచ్చి చూపించారు. ఈ ఉదయం ఆవిడను ఏరియా ఆసుపత్రికి తీసుకువెళ్లి, ముందు నడుము, చంకలు చూపించి, కల్చర్‌కు రక్తం ఇప్పించి, ఆ తర్వాతే ఇంజెక్షను వేయించాం. ఫలితం ఎల్లుండి ఇస్తామన్నారు.