ఉప్పునీటి తొట్టికి రియాక్టర్ మేలా, మీడియా సంచి మేలా?

విజయవాడలో రోహిణి కార్తె ఎండలకు ఉప్పునీటి అక్వేరియంపై ఫ్యాను తిప్పి నీటిని చల్లబరిచేవారు ఆవిరైన నీటిని రోజూ భర్తీ చేయక తప్పదు. ఆ నీరు ఆర్‌ఓ నీరు కాక కుళాయి నీరో, బోరు నీరో అయితే, చేపల మేత నుంచి చేరే ఫాస్ఫేట్‌కు ఆ నీటిలోనిదీ తోడై అద్దాలకు నాచు పడుతుంది, పగడాల ఎదుగుదల మందగిస్తుంది. కనుక ముందు నీటిని సరిచేసి, ఆ తరువాతే మీడియా, అంటే నీటిలోని మలినాలను పీల్చుకునే పదార్థం, కొనడం మంచిది.

ఫాస్ఫేట్‌ను పీల్చుకునే ఐరన్ ఆక్సైడ్ గుళికలకు, అంటే జీఎఫ్‌ఓకు, రియాక్టరే (మీడియా నింపి, పంపుతో నీటిని పారించే మూత గల గొట్టం) తగినదని నా అభిప్రాయం. సంచిలో కట్టి సంప్‌లో, అంటే అక్వేరియం కింద వడపోతకు పెట్టే మరో తొట్టిలో, ఉంచితే నీరు చాలావరకు సంచి పక్కనుంచే పోతుంది. కదలిక లేని గుళికలు క్రమంగా ఒకదానికొకటి అంటుకుని గట్టిపడతాయి. రియాక్టర్‌లో నీరు అడుగు నుంచి పైకి వస్తూ ప్రతి గుళికనూ తాకుతుంది. అయితే పై పొర మాత్రమే మెల్లగా, ఉడికే అన్నంలా కదలాలి. అంతకు మించి వేగం పెంచితే గుళికలు అరిగి ఎర్రటి పొడి తొట్టిలో చేరుతుంది. వేగాన్ని తగ్గించే వాల్వును నీరు లోపలికి వచ్చే వైపే అమర్చాలి, ఎందుకంటే బయటికి పోయే వైపు బిగిస్తే లోపల ఒత్తిడి పెరిగి మూత దగ్గర కారే ప్రమాదం ఉంది. కొత్త గుళికలను ఆర్‌ఓ నీటితో కడిగి, మొదట వచ్చే ఎర్రనీటిని బకెట్‌లోకి వదిలేయాలి. తయారీదారు చెప్పిన మోతాదులో సగంతోనే మొదలుపెట్టడం క్షేమం. ఫాస్ఫేట్ ఒక్కసారిగా పడిపోతే పగడాలు తట్టుకోలేవు.

నీటి పసుపు రంగునూ వాసననూ తీసే యాక్టివేటెడ్ కార్బన్‌కు ఇంత హంగామా అక్కరలేదు. సంప్‌లో నీరు బలంగా పారే చోట సంచి ఉంచి, నెలకొకసారి మారిస్తే చాలు. రెండింటినీ ఒకే రియాక్టర్‌లో కలిపే పద్ధతి నాకు నచ్చదు: జీఎఫ్‌ఓ కదలాలి, కార్బన్ కదిలితే నలిగి నల్లటి పొడి అవుతుంది, మార్చవలసిన గడువులూ ఒకటి కావు.

రియాక్టర్ పంపు తొట్టికి కొంత వేడిని చేరుస్తుందని మరువరాదు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్‌పై నీటిని కదిలించే పంపుకే మొదటి హక్కు. చాలాసేపు ఆగిన రియాక్టర్‌లో ప్రాణవాయువు లేని నీరు నిలుస్తుంది కాబట్టి, తిరిగి నడిపేటప్పుడు ఆ నీటిని పారబోయాలి. ఇక 100 లీటర్ల లోపు తొట్టికి రియాక్టర్ కొనేకంటే, మేత తగ్గించి, క్రమం తప్పక కొంత నీటిని మార్చడమే చవక.