ఇంటర్ ప్రేమకథ, కొత్త రచయిత్రి: మూడు స్టార్లు, అందులో రెండు ఒక్క రికార్డు సీనుకే

ముందే చెప్పేస్తున్నా, సీరియల్ పేరు గానీ రచయిత్రి పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఏమవుతుందో తెలుసు కదా, సగం మంది వెళ్లి ఒక స్టార్ కొట్టొస్తారు, మిగతా సగం మంది "మా సిస్‌ని అంటావా" అని నా మీద పడతారు. డిగ్రీ మొదటి సంవత్సరం అని ప్రొఫైల్‌లో పెట్టుకుంది, ఇదే మొదటి కథ అట. 26 భాగాలు, ఫోన్‌లో చదివే సీరియల్, చివరి కొన్ని భాగాలకు తాళం. కాయిన్స్ పెడితే వెంటనే, లేదంటే ఒక రోజు ఆగితే తెరుచుకుంటాయి. ఆగి చదవండి, కాయిన్స్ అప్పుడే వద్దు.

కథ హన్మకొండలో. పరకాల దగ్గర ఊరి నుంచి రోజూ ఆర్టీసీ బస్సులో వచ్చే ఎంపీసీ అమ్మాయి, అదే కాలేజీలో చదివే డబ్బున్న అబ్బాయి. ఇద్దరికీ పదిహేడు. చూపులు, గొడవ, స్నేహం, ప్రేమ, అపార్థం, నాన్నకు తెలియడం, పబ్లిక్ పరీక్షలు, ముగింపు. ఈ వరసలో కొత్తేం లేదు, ఉండాల్సిన పనీ లేదు, ఈ వయసు కథలన్నీ ఇంచుమించు ఇదే దారిలో నడుస్తాయి. చూడాల్సింది దారిలో ఏం చూపించింది అనేదే.

అక్కడే ఈ అమ్మాయి నన్ను ఇబ్బంది పెట్టింది. ఎందుకంటే రాయడం రాదని పక్కన పడేద్దామంటే తొమ్మిదో భాగం ఉంది.

తొమ్మిదో భాగంలో ఫిజిక్స్ ప్రాక్టికల్ రికార్డు సబ్మిట్ చెయ్యాలి, హీరో ఏమీ రాయలేదు, హీరోయిన్ రికార్డు అడిగి తీసుకుపోతాడు కాపీ కొట్టడానికి. రాత్రి ఒక్కో పేజీ దించుకుంటూ లఘులోలకం (సింపుల్ పెండ్యులం) ప్రయోగం దగ్గర ఆగిపోతాడు. ఆ ప్రయోగం చేసిన వాళ్లందరికీ తెలుసు, గురుత్వ త్వరణం సెంటీమీటర్ల లెక్కలో 980 రావాలి, ఎవరికీ రాదు, అందరూ వెనక నుంచి లెక్క కట్టి 978 నుంచి 980 మధ్య ఏదో ఒకటి వేసేస్తారు, సార్‌కీ తెలుసు. ఈ పిల్ల మాత్రం 1012 అని రాసింది. సార్ ఎర్ర ఇంకుతో చుట్టి "మళ్లీ చెయ్యి" అన్నాడు. కింద మళ్లీ చేసి, ఈసారి 1009 అని రాసింది. మర్నాడు హీరో అడుగుతాడు, 980 వేస్తే అయిపోయేది కదా అని. ఆమె అంటుంది, "నాకు గంతే వచ్చింది." అంతే మాట. మూడు రోజుల తర్వాత హీరో రికార్డు సార్ టేబుల్ మీద ఉంటుంది, అందులో ఆ పేజీ చింపి కొత్తగా అతికించి ఉంటుంది, విలువ 1004. వాడు నిజంగా ల్యాబ్‌కి వెళ్లి దారం కట్టి, గుండు ఊపి, 20 డోలనాలు లెక్కపెట్టి వచ్చాడన్నమాట.

ఇది చదివి ఫోన్ పక్కన పెట్టేశాను కాసేపు. ప్రేమ అనే మాట లేదు, కళ్లు లేవు, జుట్టు లేదు, ఆ పిల్ల ఎలాంటిదో వాడికి అర్థమైంది, వాడికి అర్థమైందని మనకు అర్థమైంది. పేరున్న వాళ్లకి కూడా రోజూ పడే సీను కాదు ఇది.

అయితే ఆ వెంటనే ఏం చేసిందంటే, "అప్పుడే నా గుండెలో ప్రేమ అనే మొక్క చిగురించింది, ఆమె నవ్వు వెన్నెల, ఆమె మౌనం సంగీతం" అని ఒక పేజీన్నర హీరో మనసులో మాటలు పెట్టింది. చెల్లెమ్మా, అదంతా కొట్టెయ్. ఒక్క వాక్యం కూడా ఉంచకు. అతికించిన పేజీ చెప్పేసిన దాన్నే నువ్వు మళ్లీ మైకు పట్టుకుని చెబుతున్నావు. పాఠకుడికి అర్థం కాదేమో అని భయం వేసిన ప్రతిచోటా నువ్వు ఇదే పని చేశావు, వెతికి చూడు, కనీసం ప్రతి భాగంలో ఒకటి దొరుకుతుంది.

ఇప్పుడు మొదటి భాగం. ఇద్దరూ కలిసే సీను. హీరోయిన్ బస్‌పాస్ మర్చిపోతుంది, పర్సులో డబ్బుల్లేవు, కండక్టర్ కేకలేస్తాడు, అప్పుడు వెనక సీటు నుంచి హీరో లేచి టికెట్ తీసుకుంటాడు. సరే. కానీ ఈ కథలో అందరూ రీల్స్ చేస్తున్నారు, హీరో దగ్గర కొత్త ఫోన్ ఉంది, అంటే ఇప్పటి కథే. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం కదా! పరకాల నుంచి హన్మకొండ వచ్చే అమ్మాయి ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటుంది, కండక్టర్ ఆమె మీద కేకలెందుకు వేస్తాడు? ఇది రోజూ ఆ బస్సెక్కే నీకు తెలియని విషయం కాదు. ఏదో సినిమాలోనో, వేరే సీరియల్‌లోనో చూసిన సీను చెయ్యి లాగేసింది. తిప్పి రాసి చూడు, టికెట్ కొనాల్సింది వాడు. కారు సర్వీసింగ్‌కి వెళ్లి మొదటిసారి ఆర్టీసీ బస్సెక్కాడు, జేబులో కార్డు, ఫోన్‌లో చార్జింగ్ లేదు, చిల్లర అసలే లేదు, పక్క సీట్లో అమ్మాయి జీరో టికెట్ పట్టుకుని కిటికీ వైపు చూస్తోంది. ఆమె బ్యాగులోంచి తీసిన ఇరవై రూపాయలతో మొదలైతే కథ ఎంత మారిపోతుందో ఆలోచించు. డబ్బున్నవాడు బాకీ పడ్డాడు, అప్పు తీర్చే వంకతో పది భాగాలు లాగొచ్చు.

ఇలాంటిదే ఇంకోటి. హీరోయిన్‌కి ఫస్టియర్‌లో 482 మార్కులు వచ్చాయని రాశావు. మీ దగ్గర ఎంపీసీ ఫస్టియర్ మొత్తమే 470! బోర్డు వాళ్లే 12 మార్కులు బోనస్ ఇచ్చారా. ఇంటర్ పిల్లలే నీ పాఠకులు, వాళ్లు ఇలాంటివి వెంటనే పట్టేస్తారు, పట్టాక మిగతా కథ నమ్మరు. 461 అని రాయి, ఆ పోయిన తొమ్మిది మార్కుల కోసం ఏడ్చే పిల్ల అని రాయి, అది నిజం. అలాగే ఫిబ్రవరిలో హీరో గ్యాంగ్ గోవా వెళ్లడం. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్ ఉంటాయి, ఏ కాలేజీ వదులుతుంది, ఏ నాన్న పంపిస్తాడు? ఆ భాగం తీసేసినా కథకు ఏ నష్టం లేదు, నేను ఒకసారి దాటేసి చదివి చూశాను, తేడా తెలియలేదు.

నాలుగో భాగం గురించి మాత్రం కొంచెం గట్టిగానే చెప్పాలి. హీరో రోజూ బస్టాండ్ నుంచి ఊరి దాకా బైక్ మీద వెంటపడతాడు, రాత్రి ఇంటి ముందు నిలబడతాడు, అమ్మాయి మొదట కోప్పడుతుంది, తర్వాత దుప్పటి కప్పుకుని సిగ్గుపడుతుంది. కామెంట్లలో "క్యూట్" అని హార్ట్ గుర్తులు. అమ్మాయి వద్దన్నాక వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, అది పక్కన పెడదాం, కథగానే చూద్దాం. ఊళ్లో పదిహేడేళ్ల పిల్ల ఇంటి ముందు రాత్రి ఒకడు నిలబడితే ఆ పిల్లకి మొదట వచ్చేది సిగ్గు కాదు, ఎవరన్నా చూస్తే రేపటి నుంచి కాలేజీ బంద్ అనే టెన్షన్. ఆ టెన్షన్ నీ కథలో ఎక్కడా లేదు, అది పెడితే హీరో తప్పు హీరోకి తెలిసే సీను కూడా దానంతట అదే వస్తుంది. రికార్డు పేజీ చింపి మళ్లీ ప్రయోగం చేసినవాడు రాత్రిపూట గోడ దగ్గర నిలబడేవాడు కాదు, నాలుగో భాగం హీరో, తొమ్మిదో భాగం హీరో ఒకడే అంటే నేను నమ్మను.

ఒక కామెంట్ చూశాను, "రొమాన్స్ డోసు పెంచండి సిస్" అని, దానికి నువ్వు "ష్యూర్" అని జవాబిచ్చావు. పెంచకు. వాళ్లిద్దరికీ పదిహేడు, 2012 పోక్సో చట్టం లెక్కలో ఇద్దరూ పిల్లలే. ఇప్పటిదాకా చెయ్యి తగలడం దగ్గరే ఆగావు, అది ఈ కథ బలం కూడా, లైకుల కోసం దాన్ని పాడుచేసుకోకు.

భాష సంగతి. అచ్చుతప్పులు ఉన్నాయి, ల, ళ కలిసిపోయాయి, ప్రతి వాక్యం చివర ఆరేడు చుక్కలు, మధ్యలో "హీరో పీవోవీ", "ఫ్లాష్‌బ్యాక్ ఎండ్" అని బోర్డులు. ఇవన్నీ ఒక పూట కూర్చుంటే సర్దుకునేవే, వీటి మీద ఎక్కువ బాధపడక్కర్లేదు. బాధపడాల్సింది మాటల గురించి. హన్మకొండ పిల్లలు ఒకరినొకరు "ఏంటండీ మీరు అలా చూస్తున్నారు" అనుకుంటారా? క్లాసులో పక్క బెంచీ వాడిని? మొత్తం 26 భాగాల్లో హీరోయిన్ తన నోటితో తను మాట్లాడింది ఆ రికార్డు దగ్గరే, "నాకు గంతే వచ్చింది" అని. ఆ సీను అంత బాగా రావడానికి సగం కారణం అదే. యాస రాస్తే చదవరేమో అని అనుకుని ఉంటావు. కథనం మామూలు భాషలోనే ఉంచు, మాటలు మాత్రం వాళ్లవి వాళ్లకి వదిలెయ్. "ఏందే, గట్ల జూస్తున్నవ్?" అని హీరో అంటే అతను మనిషిలా ఉంటాడు. హీరో పేరు ఆద్విక్ రాజ్ అన్నది కూడా ఒకసారి ఆలోచించు, అటెండెన్స్ రిజిస్టర్‌లో సాయికిరణ్, రాకేశ్, వంశీల మధ్య ఆ పేరు పెళ్లికొచ్చిన పోలీసులా ఉంది.

ఇక నాన్న. నాకు ఈ కథలో హీరో కంటే నాన్నే ఎక్కువ గుర్తున్నాడు. పదకొండో భాగంలో రెండు లైన్లలో ఉంటాడు, వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మి, అక్కడి నుంచి నేరుగా కాలేజీకి వచ్చి, చొక్కాకి అంటుకున్న దూది దులుపుకుంటూ ఫీజు కట్టి, కూతురి చేతిలో రసీదు పెట్టి వెళ్లిపోతాడు. దూది దులుపుకోవడం! ఎవరూ నేర్పకుండా రాసింది ఇది. అలాంటి నాన్న పంతొమ్మిదో భాగానికి వచ్చేసరికి మీసం తిప్పుతూ, బెల్టు తీసి, "వచ్చే నెలలో నీ పెళ్లి" అంటాడు. పదిహేడేళ్ల పిల్లకి పెళ్లి చట్టప్రకారం కుదరదనే మాట లెక్చరర్ గానీ, అమ్మ గానీ, పక్కింటివాళ్లు గానీ ఒక్కరూ అనరు. నాన్నకి తెలియాలి, కోపం రావాలి, ఒప్పుకుంటా. కానీ ఆ నాన్న కొట్టడు, నాకు తెలిసి మాట్లాడటం మానేస్తాడు. మర్నాడు రసీదు చేతికివ్వకుండా టీవీ మీద పెట్టి పోతాడు. ఆ పిల్లకి బెల్టు దెబ్బ కంటే అదే ఎక్కువ తగులుతుంది, కథ కూడా అక్కడి నుంచి వేరే దారి పడుతుంది, చివర్లో యాక్సిడెంట్ చేయించి నాన్న మనసు మార్చాల్సిన అవసరం రాదు.

యాక్సిడెంట్ అంటే గుర్తొచ్చింది, భాగం చివర్లో సస్పెన్స్ పెట్టి తర్వాతి భాగంలో అది కల అనడం మూడుసార్లు చేశావు. ఒకసారి క్షమిస్తాం.

కామెంట్లలో "సూపర్", "వెయిటింగ్", "నెక్స్ట్ పార్ట్ ప్లీజ్" తప్ప ఇంకేం లేవు. వాళ్లు మంచివాళ్లే, కానీ వాటితో నీకు ఏ పనీ జరగదు. మీ కాలేజీలో జూనియర్ ఎవరైనా ఉంటే, ఇంటర్ ఈమధ్యే అయినవాళ్లు, వాళ్లకి రెండు భాగాలు పైకి చదివి వినిపించు. వాళ్లు ఎక్కడ ఫోన్ చూసుకుంటారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకో. బాగుందా అని అడగకు, ఎవరైనా బాగుందనే అంటారు.

రెండో సీరియల్ ప్రకటన అప్పుడే వచ్చేసింది, సీఈఓ హీరో, కాంట్రాక్ట్ పెళ్లి అట. నా ఓటు దానికి లేదు. దీన్నే పన్నెండు భాగాలకు కుదించి, బస్సు సీను తిప్పి, గోవా తీసేసి, నాన్నని పదకొండో భాగంలో నాన్నలాగే ఉంచి మళ్లీ పెడితే నాలుగున్నర ఇస్తాను, కాయిన్స్ కూడా ఖర్చు పెడతాను. ఇప్పటికి మూడు.