బయో-ఆస్ పొడి: పన్ను తీసిన గుంటలో పోసినంత మాత్రాన సరిపోదు

విజయవాడ సూర్యారావుపేటలో గానీ, గుంటూరు బ్రాడీపేటలో గానీ పన్ను తీసేముందు ‘గుంటలో గ్రాఫ్ట్ (ఎముక పొడి) వేద్దామా, తర్వాత ఇంప్లాంట్‌కి (ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరుకి) ఎముక ఉంటుంది’ అని డాక్టరు అడిగితే, ముందు ఏ గ్రాఫ్టో కనుక్కోండి. వాటిలో బాగా పేరున్నది స్విట్జర్లాండ్ కంపెనీ గైస్ట్‌లిష్ వారి బయో-ఆస్.

ఇది ఆవు జాతి పశువుల ఎముక. ప్రోటీన్ అంతా తీసేసి ఖనిజం మాత్రమే మిగిల్చిన గుళికలు. సన్నరకం 0.25 నుంచి 1 మి.మీ., చూడటానికి ఇంచుమించు బొంబాయి రవ్వే. 0.25 గ్రాముల సీసాలో సుమారు అర సీసీ వస్తుంది. ముందు పంటి గుంటకు సాధారణంగా అది చాలు, దవడ పంటికి అర గ్రాము దాకా పడుతుంది. పైన కప్పే బయో-గైడ్ మెంబ్రేన్ (పల్చటి పొర) పంది కొల్లాజెన్. పట్టింపు ఉన్నవాళ్లు కుర్చీలో కూర్చోకముందే అడగాలి. కృత్రిమ రకాలూ ఉన్నాయి, కాకపోతే వాటిలో బీటా-టీసీపీ (ఒక రకం కాల్షియం ఫాస్ఫేట్) లాంటివి త్వరగా కరిగిపోతాయి.

బయో-ఆస్ బలం సరిగ్గా అక్కడే ఉంది. ఏళ్ల తరబడి కరగదు కాబట్టి పళ్లుండే దవడ ఎముక గట్టు ఆకారం నిలుస్తుంది. పన్ను పోయిన చోట ఈ గట్టు వెడల్పు ఏడాదిలో సగం దాకా తగ్గొచ్చు, అందులో మూడింట రెండు వంతులు మొదటి 3 నెలల్లోనే. ముందు పళ్ల బయటివైపు ఎముక గోడ చాలామందికి 1 మి.మీ. కూడా ఉండదు, ముందు కరిగేది అదే. పొడి ఈ తరుగుదలను తగ్గిస్తుంది గానీ పూర్తిగా ఆపదు. ‘ఎముక అస్సలు తగ్గదు’ అని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. 4 నుంచి 6 నెలల తర్వాత ఇంప్లాంట్‌కి డ్రిల్ చేసినప్పుడు కూడా కొత్త ఎముక మధ్య పాత గుళికలు కనపడతాయి, అది తప్పేమీ కాదు.

పదికి మార్కులు వేయాలంటే పొడికి నాలుగు, మిగతా ఆరూ పన్ను తీసిన చేతికి. పన్నును ఊపి ఊపి లాగితే ఆ పల్చటి గోడ విరుగుతుంది. పెరియోటోమ్ అనే సన్నటి పనిముట్టుతో చుట్టూ వదులు చేసి, దవడ పన్నయితే వేళ్లను విడగొట్టి ఒక్కొక్కటీ తీయాలి. గుంటలోని చీము కండను గీకి, సెలైన్‌తో కడగాలి. సెలైన్‌లోనో రక్తంలోనో తడిపిన గుళికలు తడి ఇసుకలా ముద్దకడతాయి. వాటిని ఎముక అంచు దాకా తేలిగ్గా అదమాలి. గట్టిగా కూరితే మధ్యలో రక్తనాళాలు పాకడానికి సందుండదు, ఎముక పట్టదు. గుంట అంచు మీద నుంచి మెంబ్రేన్‌ను 2–3 మి.మీ. చిగురు కిందికి దూర్చి 4-0 దారంతో అడ్డకుట్టు వేస్తే చాలు. గుంట మూయడానికి చిగురును లాగి కుడితే గట్టి చిగురు తరిగిపోతుంది.

మొదటి 24 గంటలు పుక్కిలించొద్దు, గట్టిగా ఉమ్మొద్దు, స్ట్రాతో ఏదీ తాగొద్దు. వారం పాటు ఆవకాయ, కారప్పొడి పక్కన పెట్టి పెరుగన్నంతో సరిపెట్టుకోవాలి. నాలుగైదు గుళికలు నోట్లో ఇసుకలా తగిలితే కంగారు పడక్కర్లేదు. మూడో రోజు తర్వాత నొప్పి పెరిగినా, వాసన వచ్చినా వెళ్లి చూపించుకోవాలి. సిగరెట్, ఖైనీ మానలేనివాళ్లకు పుండు మానడం ఆలస్యమవుతుంది, డబ్బు వృథా కావచ్చు. జ్ఞానదంతం తీయించుకున్నవాళ్లకు సాధారణంగా ఈ ఖర్చే అక్కర్లేదు. ఎముకల బలానికి ఇంజెక్షన్లు తీసుకునే పెద్దవాళ్లు ఆ సంగతి పన్ను తీయకముందే చెప్పాలి.

బిల్లులో పొడి, మెంబ్రేన్ విడివిడిగా రాయించుకోండి. సీసా మీ ఎదుటే తెరవాలి, మిగిలింది ఇంకొకరికి వాడకూడదు. లాట్ నంబరు స్టిక్కర్‌ను మీ కేస్ షీట్ మీద అంటించమని అడగండి.