గుర్రం ఎక్కాలంటే ముందు స్టోక్‌సేరి, తర్వాతే విక్

ఐస్‌లాండ్ వెళ్లొచ్చిన మనవాళ్లు చాలామంది పెట్టే ఫొటో ఒకటుంది, విక్ ఊరి దగ్గర నల్ల ఇసుక మీద గుర్రం, వెనకాల సముద్రంలో నిలబడ్డ రాళ్లు. ఆ ఫొటో చూసే మా అమ్మాయి పట్టుపట్టింది. జూన్ రెండో వారంలో నాలుగు రోజులు వెళ్లాం, ఒకటి కాదు రెండు చోట్ల గుర్రమెక్కాం. మా ముగ్గురిలో గుర్రం ఎక్కడం వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. నా అనుభవమంతా బందరులో చిన్నప్పుడు జట్కా బండి, ఆ తర్వాత విశాఖ ఆర్‌కే బీచ్‌లో కళ్లెం పట్టుకుని ఒకాయన నడిపిస్తే కూర్చున్న అయిదు నిమిషాలు, అంతే.

మేముండేది ఇంగ్లండ్‌లో రెడింగ్. మనకి ఇండియన్ పాస్‌పోర్టు కాబట్టి షెంగెన్ వీసా కావాలి, ఆ అపాయింట్‌మెంట్ దొరకడానికే విమానం టికెట్‌కంటే ఎక్కువ టెన్షన్ పడ్డాం. విమానం మూడు గంటలే. కెఫ్లావిక్‌లో దిగి కారు తీసుకున్నాం. ఇన్సూరెన్స్‌లో కంకర, బూడిద, ఇసుక అని వేరువేరుగా రాసుంటుంది, వాళ్లు అమ్మడానికి పుట్టించిన భయాలనుకుని మా ఆయన నవ్వేశారు. పెట్రోలు బంకులో కారు డోరు తీస్తే గాలి దాన్ని లాక్కుపోబోయింది, అప్పుడాయన రెండు చేతులతో పట్టుకుని వేలాడారు. గాలికి డోరు విరిగితే మాత్రం చాలా పాలసీల్లో రాదు, అందుకని డోరు తీసేటప్పుడు గట్టిగా పట్టుకోండి.

మొదటి బస స్టోక్‌సేరి. రేక్యవిక్‌కి గంట దూరం, సెల్ఫోస్ దాటి సముద్రం వైపు తిరగాలి. ఇక్కడ టూరిస్టు బస్సులు తక్కువ. ఎన్నో వేల ఏళ్ల కిందట కొండల్లోంచి వచ్చిన లావా ఇక్కడ సముద్రంలో కలిసింది, అందుకే ఒడ్డంతా నల్లరాతి దిబ్బలు, మధ్యలో నీటి గుంటలు, రాళ్ల మీద పడుకున్న సీల్ చేపలు (చేపలు కావులెండి, జంతువులు, ఊరికే అలా అనడం అలవాటు). పక్క ఊరు ఎయ్రార్‌బక్కి ఒకప్పుడు డేనిష్ వర్తకుల రేవు, 1765లో కట్టిన వాళ్ల చెక్క ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఒక పూట సరిపోతుంది. మేం దిగింది ఒక రైతు ఇంటి వెనక చిన్న క్యాబిన్‌లో, వంటగది ఉంది, రైస్ కుక్కర్ తీసుకెళ్లాం కాబట్టి పులిహోర పేస్టుతో పూట గడిచిపోయింది. వేడినీళ్లకి కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తుంది, భూమిలోంచి నేరుగా వచ్చే నీళ్లు కదా, మొదటిరోజు ముక్కు మూసుకున్నాం, రెండోరోజుకి పట్టించుకోలేదు. కర్టెన్లు పలచగా ఉన్నాయి. జూన్‌లో అక్కడ చీకటే పడదు, కళ్లకి గంతలు తీసుకెళ్లండి.

ఆ పక్క పొలంలోనే రెండు గంటల స్వారీ. బుకింగ్ ఫారంలో బరువు అడుగుతారు. మా ఆయన 85 అని రాశారు. అక్కడికెళ్లాక మమ్మల్ని స్వారీకి తీసుకెళ్లే అమ్మాయి (జర్మనీ నుంచి వేసవికి పనిచేయడానికి వచ్చింది) ఆయన్ని కిందనుంచి పైకి ఒక్కసారి చూసి, ఏమీ అనకుండా, తెచ్చిన గుర్రాన్ని తీసుకెళ్లి ఇంకొంచెం దిట్టమైన గ్రౌని అనే బూడిద రంగు గుర్రాన్ని తెచ్చింది. "మీరు నిజం రాసుంటే ఈ అవమానం తప్పేది కదండీ" అన్నాను. ఆయన నాకేసి చూడలేదు.

ఫారంలో ఇంకో ప్రశ్న, వేరే దేశంలో వాడిన గుర్రపు సామగ్రి ఏదైనా తెచ్చారా అని. వేళాకోళం కాదు. ఈ గుర్రాల జాతిలోకి వెయ్యేళ్లుగా బయటి గుర్రం కలవలేదు, ఐస్‌లాండ్ దాటి వెళ్లిన గుర్రాన్ని తిరిగి రానివ్వరు, పోటీలకి విదేశం వెళ్లినదైనా సరే. బయటి జబ్బులు వీటికి తెలియవు, అందుకే వాడిన జీను, కళ్లెం లాంటివి తేకూడదు, స్వారీ బట్టలైతే ఉతికి శుభ్రం చేసినవై ఉండాలి. మా దగ్గర అలాంటివేవీ లేవు కాబట్టి హెల్మెట్, వాన కోటు వాళ్లే ఇచ్చారు. ఈ గుర్రాలు చూడ్డానికి పొట్టిగా ఉంటాయి, భుజం దగ్గర నాలుగున్నర అడుగులుంటాయేమో. అయినా "పోనీ" (అంటే పొట్టి జాతి గుర్రం) అన్నారంటే ఆ ఊరివాళ్లకి కోపం.

మొత్తం నలుగురం, మేం ముగ్గురం, ఒక డచ్ ఆయన. ముందు బ్రష్ ఇచ్చి గుర్రాన్ని తోమమన్నారు. నాకిచ్చింది మచ్చల గుర్రం, పేరు స్క్యోని, అంటే మచ్చలదనే అట. తోముతుంటే చలికాలపు బొచ్చు ఇంకా గుప్పెళ్లు గుప్పెళ్లుగా ఊడి గాలికి నా నోట్లోకి వచ్చింది. దాని మెడ మీద చెయ్యి పెడితే జూలు కింద వెచ్చగా, మన ఇంట్లో అప్పుడే ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉంది. తర్వాత దొడ్డిలోనే పావుగంట తిప్పారు, ఆపడం, తిప్పడం, పగ్గాలు ఎంత వదలాలి, మడమ కిందికి దించి కూర్చోవడం. పాదం పెట్టే రికాబు పొడవు ప్రతి ఒక్కరిదీ ఆ జర్మనీ అమ్మాయే సరిచూసింది.

పొలం దాటాక ఊదారంగు లూపిన్ పూలు, ఆ తర్వాత గడ్డి మైదానం, దూరంగా లైట్‌హౌసు. మొదటి అరగంట నేను పూలూ చూడలేదు, సముద్రమూ చూడలేదు, స్క్యోని రెండు చెవుల మధ్య సందులోంచి ముందు గుర్రం తోక చూశాను. అది నా భయం కనిపెట్టేసింది, ఆగి గడ్డి మేయడం మొదలుపెట్టింది, నేను "పద నాన్నా" అని తెలుగులో బతిమాలాను. కదల్లేదు. ఆ అమ్మాయి వెనక్కి వచ్చి, బతిమాలకు, పగ్గం పొట్టి చేసి కాలితో చెప్పు అంది.

తర్వాత టోల్ట్. మామూలు గుర్రాలకి నడక, దుడుకు నడక, పరుగు ఉంటాయి కదా, వీటికి ఈ నడక అదనం. నాలుగు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి పడతాయి, ఎప్పుడూ కనీసం ఒక కాలు నేల మీదుంటుంది, అందుకే పైనున్న మనిషి ఎగిరెగిరి పడడు. నిండు బీరు గ్లాసు పట్టుకుని ఒలకకుండా పోవడం అక్కడ ఒక పోటీ. నేను నమ్మలేదు. దడదడ ఎగిరేస్తుందని పళ్లు బిగించి జీను ముందుభాగం పట్టుకున్నాను, నేల మాత్రం కిందనుంచి వేగంగా జారిపోతోంది, నేను మటుకు కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నాను, చెవుల్లో టకటక టకటక అని మిషన్ కుట్టుతున్న చప్పుడు. బహుశా ఒక నిమిషం. ఆగాక మా అమ్మాయి "అమ్మా నువ్వు నవ్వుతున్నావ్" అంది.

మర్నాడు తొడలు కదల్లేదు. సెల్ఫోస్ ఈతకొలనులో వేడినీటి తొట్టెలో కూర్చుంటే తగ్గింది, కాకపోతే దిగేముందు బట్టల్లేకుండా సబ్బుతో స్నానం చేయాలని నియమం, అందరి ముందూ. మనకి కష్టమే, ఎవరూ చూడరు, చేసేయండి.

ఇక విక్. దారిలో సెల్యాలాండ్స్‌ఫోస్, స్కోగాఫోస్ జలపాతాలు, రెండూ అరవై మీటర్ల ఎత్తు, పార్కింగు డబ్బు రెండుచోట్లా. విక్‌లో హోటల్ స్టోక్‌సేరి క్యాబిన్‌కి రెట్టింపు ఖరీదు, గది అందులో సగం. రెస్టారెంట్ మెనూలో గుర్రపు మాంసం కనబడి మా అమ్మాయి ఆ పూట బ్రెడ్డు తప్ప ఏమీ ముట్టలేదు.

బీచ్ స్వారీ గంట, మనిషికి దాదాపు 15 వేల క్రోనాలు. పన్నెండు మందిని ఒకే వరసలో పెట్టారు, సగంమంది బాగా వచ్చినవాళ్లు, మిగతాది మాలాంటి బాపతు, చూసుకోవడానికి ఇద్దరు. నేర్పడం అంటూ ఏమీ లేదు, ఎక్కించారు, పోనిచ్చారు. మా అమ్మాయి రికాబు ఒకటి పొడుగ్గా ఉండి పాదం మాటిమాటికీ జారిపోతోంది, నేను రెండుసార్లు అరిస్తే మూడోసారి వినపడింది. స్టోక్‌సేరిలో నేర్చుకోకపోయుంటే ఆపమని చెప్పాలని కూడా నాకు తెలిసేది కాదు. దృశ్యం గొప్పదే, అబద్ధమాడను. మా మంగినపూడి బీచ్ కూడా నల్లదే కానీ అది ఒండ్రు మట్టి, ఇది కాటుక పొడిలా మెరుస్తుంది, దాని మీద తెల్లటి నురుగు. నెత్తిమీద పొడవడానికొచ్చే క్రీయా పక్షులకి హెల్మెట్ భలే పనికొచ్చింది. అయితే గంటంతా నడకే, ఫోను తీయనివ్వరు, ఫొటో వాళ్లే తీస్తారు.

స్వారీ అయ్యాక కొండకి అటువైపున్న రేనిస్‌ఫ్యారా బీచ్ చూడాలంటే అక్కడి హెచ్చరిక లైటు చూసి దిగండి. ఎర్ర లైటు వెలిగితే నీళ్ల దరికి పోవద్దు, ఆ అలలు చెప్పి రావు, మనుషులు పోయారు అక్కడ.

బుక్ చేసేటప్పుడు ఒక్కటి అడగండి, గుంపులో ఎంతమంది, కొత్తవాళ్లని వేరే చేస్తారా అని. జవాబు తేలకపోతే డబ్బు కట్టొద్దు. రికాబు సంగతి నేను విక్ వాళ్లకి మెయిల్ రాశాను. వారానికి జవాబొచ్చింది, మళ్లీ వస్తే పది శాతం తగ్గిస్తారట.