మండువా లోగిలి: ఇంట్లోనే మ్యూజియమా, రాజమహేంద్రవరానికి అప్పగించడమా?

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వరి సిరితో గోదావరి డెల్టాలో ఎన్నో మండువా లోగిళ్లు, అంటే నడుమ ఆకాశానికి తెరిచిన చోటున్న పెంకుటిళ్లు, లేచాయి. వాటిలోని పాత వస్తువులను ఇంట్లోనే జనానికి చూపాలా, రాజమహేంద్రవరంలోని మ్యూజియానికి ఇచ్చేయాలా? వారసులకు ఇప్పుడిదే సందిగ్ధం.

ఖర్చు: ఇంట్లోనైతే ఏటా పెంకులు సర్దించాలి, చెదలమందు కొట్టించాలి. రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియానికి ఇస్తే ఆ బరువు మీది కాదు.

ముప్పు: తేమే అసలు శత్రువు. మా గాదె పక్కనున్న తాటాకు గ్రంథాల కట్ట విప్పితే పురుగు తొలిచిన సన్నని దారులు, ఒడినిండా పొడి. ఏడుపొచ్చింది. 1986 గోదావరి వరద లంకల్లో ఇళ్లలోకే వచ్చింది.

అందం: లోగిలికి సాటి లేదు. మండువాలో వాన కురుస్తుండగా చూసిన కావిడి పెట్టె, అద్దాల బీరువాలో మూగబోతుంది.

కనిపెట్టుకునే మనిషి ఊళ్లోనే ఉంటే ఇల్లు తెరవండి. అందరూ హైదరాబాద్ చేరితే, తాళపత్రాలను ఈ వానలకు ముందే అప్పగించండి. భోషాణాన్ని, ఆ పెద్ద చెక్కపెట్టెను, మాత్రం కదపకండి.